చివరి బండి తప్పిపోతే: స్టేషన్ వదలకముందే చేయాల్సిన పనులు

తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కాలి. సామర్లకోటలో దిగి కాకినాడ వెళ్ళాలి. డోర్నకల్‌లో దిగి కొత్తగూడెం వైపు మారాలి. మన రెండు రాష్ట్రాల్లో సగం ఊళ్ళకి రైలు ప్రయాణమంటే ఇలా ఎక్కడో ఒకచోట మారడమే. మొదటి బండి ఆలస్యమైందని రెండో బండి ఆగదు. అదే ఆ రాత్రికి ఆఖరి బండి అయితే చేతిలో సామాను, పక్కన పిల్లలు, ఏం చేయాలో తోచదు. నేను టికెట్లు బుక్ చేసే పనిలో ఉన్నాను. రాత్రి పదిన్నర దాటాక ఫోన్ మోగిందంటే చాలాసార్లు ఇదే సంగతి.

అప్పుడు అందరూ ముందు ట్యాక్సీ కోసం బయటికి పరిగెడతారు. దయచేసి ఒక్క పది నిమిషాలు ఆగండి. మీ మొదటి బండి నిజంగా ప్లాట్‌ఫారం మీదకి వచ్చిన సమయం నుంచి మీకు మూడు గంటలే గడువు. టికెట్ డబ్బులు తిరిగి వచ్చేదీ రానిదీ చాలావరకు ఆ మూడు గంటల్లోనే తేలిపోతుంది. ట్యాక్సీలో ఇంటికెళ్ళి, పడుకుని, పొద్దున్నే చూద్దాంలే అనుకుంటే అప్పటికే గడువు దాటిపోతుంది.

అసలు జాగ్రత్త మాత్రం టికెట్ కొనే రోజే మొదలవ్వాలి. రెండు రిజర్వేషన్ టికెట్లు కొంటున్నప్పుడు రెండు పీఎన్‌ఆర్‌లనూ, అంటే టికెట్ మీద ఉండే పది అంకెల నంబర్లను, లింక్ చేయించుకోండి. 2019 ఏప్రిల్ 1 నుంచి రైల్వే ఈ సదుపాయం ఇస్తోంది. లింక్ అయి ఉంటే, మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పిపోయినప్పుడు రెండో టికెట్ డబ్బులు క్యాన్సిలేషన్ ఛార్జీలు కోయకుండా తిరిగి ఇస్తారు. లింక్ లేకపోతే రైల్వే లెక్కలో అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ప్రయాణాలు. రెండో బండి వెళ్ళిపోయాక ఆ కన్ఫర్మ్ టికెట్ మీద పైసా అడిగే హక్కు మీకుండదు. ఆ తేడా తెలియక నష్టపోయినవాళ్ళని చూసి చూసి, ఇప్పుడు నా దగ్గరికి ఎవరు రెండు బండ్ల టికెట్ కోసం వచ్చినా అడగకుండానే లింక్ చేస్తున్నాను.

లింక్ కావాలంటే రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం రాస్తే చిక్కు. నాన్నగారి వయసు ఒక టికెట్‌లో 67, ఇంకో దాంట్లో 68 అని పడినా అంతే. కాబట్టి మొదటి టికెట్ పక్కన పెట్టుకుని, చూసి అలాగే దించండి. మొదటి బండి దిగే స్టేషనూ రెండో బండి ఎక్కే స్టేషనూ ఒకటే అయి ఉండాలి, లేదా రైల్వే ఒకే గుంపు కింద చూపించే స్టేషన్లయినా అయి ఉండాలి. ఆన్‌లైన్ టికెట్లకే కాదు, రిజర్వేషన్ కౌంటర్ టికెట్లకీ ఈ సదుపాయం ఉంది. కౌంటర్‌లో అడిగితేనే చేస్తారు, అడగండి.

రెండో బండి ప్యాసింజర్ అయి, మీది జనరల్ టికెట్ అయితే ఈ లింకు గొడవేమీ ఉండదు. అక్కడ పోయేది టికెట్ డబ్బులు కాదు, ట్యాక్సీ డబ్బులు. దాని సంగతి కింద చెప్తాను.

బండి తప్పిపోయిందని ఖాయమైన క్షణం నుంచి ఏం చేయాలో ఇప్పుడు చూద్దాం.

ఆన్‌లైన్ టికెట్ అయితే ఐఆర్‌సీటీసీలోకి వెళ్ళి టీడీఆర్ వేయాలి. అంటే డబ్బు వాపసు కోసం పెట్టే క్లెయిమ్. బుక్ చేసిన టికెట్ల జాబితాలో ఆ రెండో టికెట్ తెరిచి ఫైల్ టీడీఆర్ నొక్కితే కారణాల జాబితా వస్తుంది. అందులో కనెక్టింగ్ రైలు తప్పిపోయిన కారణాన్ని ఎంచుకోవాలి. కంగారులో చాలామంది రైలు మూడు గంటలకన్నా ఎక్కువ ఆలస్యం అన్న కారణం నొక్కేస్తారు. అది వేరే సందర్భం. మీరు ఎక్కాల్సిన బండే మీ స్టేషన్‌కి ఆలస్యంగా వస్తూ, మీరు దాన్ని ఎక్కకుండా మానుకున్నప్పుడు వాడేది. మీ రెండో బండి టైముకే వెళ్ళిపోయింది కదా, కాబట్టి ఆ కారణం రాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు.

ఏజెంటు దగ్గర తీసుకున్న టికెట్‌కి టీడీఆర్ ఏజెంటు లాగిన్‌లోంచే వేయాలి. మీ ఫోన్‌లో ఎంత వెతికినా ఆ టికెట్ కనిపించదు. అందుకే టికెట్‌తోపాటు నా నంబరు కూడా రాసిస్తాను. ఒకసారి ఒక రిటైర్డ్ మాష్టారు గారు రాత్రి పదకొండు దాటాక ఒక జంక్షన్ నుంచి ఫోన్ చేశారు. "బాబూ, నిద్ర పాడుచేశానేమో, పొద్దున్నే చేద్దామా?" అన్నారు. "అయ్యో మాష్టారూ, పొద్దుటికి గడువుండదు, మీ బండి ఎన్నింటికి ఆగిందో చెప్పండి చాలు" అన్నాను. ఆయన ప్లాట్‌ఫారం గడియారం చూసి రాసిపెట్టుకున్నారు, 10.52. మాట్లాడుతుండగానే టీడీఆర్ వేసేశాను. మొహమాటపడి పొద్దున్న చేసి ఉంటే ఆయన టికెట్ డబ్బులు పోయేవి. ఏజెంటుకి అర్ధరాత్రి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి, అది మా పని.

కౌంటర్ టికెట్ అయితే అదే మూడు గంటల్లోపు, బండి మారాల్సిన స్టేషన్‌లోనే టికెట్ అప్పగించాలి. రిజర్వేషన్ కౌంటర్ మూసేసి ఉంటే అప్పటికప్పుడు టికెట్లిచ్చే కరెంట్ బుకింగ్ కిటికీ దగ్గరికో, స్టేషన్ మాస్టర్ గదికో వెళ్ళి అడగండి. రెండు విడి టికెట్లు కాకుండా మొత్తం ప్రయాణానికీ ఒకే టికెట్ ఉంటే, ప్రయాణం చేసిన దూరానికి ఛార్జీ ఉంచుకుని మిగతాది తిరిగి ఇస్తారు. దానికీ ఆ మూడు గంటలే.

టీడీఆర్ డబ్బు మర్నాడే రాదు. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. టికెట్ కొన్న ఖాతాలోకే వస్తుంది కాబట్టి ఆ ఖాతా మూసేయకండి.

ఇక ఆ రాత్రి సంగతి. తప్పిపోయిన బండి టికెట్ చూపించి తర్వాతి బండి ఎక్కేద్దామనుకోవద్దు. ఆ రిజర్వేషన్ ఆ ఒక్క బండికే. పట్టుబడితే ఛార్జీతోపాటు కనీసం 250 రూపాయల జరిమానా పడుతుంది. వేరే బండి ఉంటే కొత్త టికెట్ తీసుకోండి. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. రైల్వే చట్టం సెక్షన్ 139 ప్రకారం, మగతోడు లేని మహిళని టికెట్ లేదన్న కారణంతో రాత్రిపూట బండి దించకూడదు. పగలైనా ఆమె బయలుదేరిన చోటో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో మాత్రమే దించాలి.

వేరే బండి లేకపోతే వెయిటింగ్ హాలులో ఉండండి, మీ ప్రయాణపు టికెట్ చూపిస్తే చాలు. పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ గదులు, డార్మిటరీలు ఉంటాయి, పీఎన్‌ఆర్‌తో ఆన్‌లైన్‌లో కూడా తీసుకోవచ్చు. భయంగా ఉన్నా, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. భద్రతకి ఒకప్పుడున్న 182 నంబరు కూడా 2021లో దీంట్లోనే కలిపేశారు. టికెట్ కొనేటప్పుడు టిక్ పెట్టిన 45 పైసల ఇన్సూరెన్స్ ఉందిగా అని కొందరు అడుగుతుంటారు. అది ప్రమాదాలకి, ఆలస్యానికి పనికిరాదు.

ట్యాక్సీకి మూడు వేలో, లాడ్జికి పదిహేను వందలో పెట్టాల్సివచ్చిందనుకోండి. దాన్ని రైల్వే ఏ కౌంటర్‌లోనూ ఇవ్వదు. బండి ఆలస్యమైతే ఇంత అని వాటంతట అవే నష్టపరిహారం ఇచ్చే పద్ధతి మన మామూలు రైళ్ళలో లేదు. కానీ దారి ఉంది, అది వినియోగదారుల కమిషన్. చాలామందికి అక్కడ గెలవచ్చని తెలియదు, అందుకే అలా గెలిచిన ఒక కేసు గురించి కాస్త వివరంగా చెప్తున్నాను.

2016 జూన్‌లో రాజస్థాన్‌లోని అల్వర్ నుంచి ఒక కుటుంబం అజ్మీర్–జమ్ము ఎక్స్‌ప్రెస్‌లో జమ్ము వెళ్ళింది. ఉదయం 8.10కి చేరాల్సిన బండి మధ్యాహ్నం 12కి చేరింది. శ్రీనగర్ విమానం అదే 12 గంటలకి. విమానం తప్పిపోయి, 15,000 రూపాయలు పెట్టి ట్యాక్సీలో వెళ్ళారు. దాల్ సరస్సులో పడవ బుకింగ్‌కి కట్టిన డబ్బూ పోయింది. ఆలస్యానికి మా బాధ్యత లేదని మా నిబంధనల్లోనే ఉంది అని రైల్వే సుప్రీంకోర్టు దాకా వాదించింది. 2021 సెప్టెంబరు 6న కోర్టు ఆ వాదన తోసేసింది. ఆలస్యం తమ చేతిలో లేని కారణం వల్ల జరిగిందని రైల్వేనే నిరూపించుకోవాలి, నిరూపించలేకపోతే పరిహారం కట్టాలి అంది. ట్యాక్సీకి 15,000, బుకింగ్‌కి 10,000, మనోవేదనకి 5,000, కేసు ఖర్చులకి 5,000 కట్టాలన్న తీర్పు నిలబడింది.

పొగమంచు, వరద లాంటివి ఉంటే ఈ కేసు మీకు అంతగా పనికిరాదు, ఆశ పెట్టుకోవద్దు. మామూలు రోజున, ఎవరూ కారణం చెప్పని ఆలస్యమైతే పనికొస్తుంది.

దానికి సాక్ష్యం ఆ రాత్రే కూడబెట్టుకోవాలి. రైళ్ళ రాకపోకలు చూపించే రైల్వే యాప్ ఎన్‌టీఈఎస్‌లో మీ బండి ఎన్నింటికి రావాలో, ఎన్నింటికి వచ్చిందో కనిపించే పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. ప్లాట్‌ఫారం మీద డిస్‌ప్లే బోర్డు ఫోటో తీయండి. తర్వాత రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో రెండు వాక్యాలు రాయండి: "ఫలానా నంబరు బండి ఇన్ని గంటలు ఆలస్యంగా రావడం వల్ల ఫలానా స్టేషన్‌లో ఇన్ని గంటలకు బయలుదేరే ఆఖరి బండి తప్పిపోయింది. ఇంటికి చేరడానికి సొంత ఖర్చుతో వేరే వాహనం మాట్లాడుకోవాల్సి వస్తోంది." తిట్లు, ఆవేశం వద్దు. దానికొచ్చే ఫిర్యాదు నంబరు మీరు ఆ సమయానికే ఫిర్యాదు చేశారనడానికి రుజువు. ట్యాక్సీ అతనికి నగదు కాకుండా యూపీఐలో కట్టండి, ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిన చిన్న రసీదు అడగండి. లాడ్జి బిల్లు మీ పేరు మీదే రాయించుకోండి.

మర్నాడు తీరిగ్గా చేసే పని సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చు. బండి నంబరు, తేదీ ఇచ్చి మూడే అడగండి: ఏ స్టేషన్ల మధ్య ఎంతసేపు ఆగింది, ప్రతి ఆలస్యానికీ రికార్డులో రాసిన కారణమేంటి, ఆ కాగితం నకలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబులో వాతావరణం ఊసు లేకపోతే మీ చేతికి గట్టి ఆధారం దొరికినట్టే.

ఫిర్యాదు మీరుండే జిల్లాలోని కమిషన్‌లోనే వేయొచ్చు, బండి ఆగిన ఊరికి తిరగక్కర్లేదు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్ళు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అడగండి. టీడీఆర్ తిరస్కరించారు, టికెట్ డబ్బే రాలేదు అన్న గొడవకైతే వెళ్ళాల్సింది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి. దాని బెంచ్ ఒకటి సికింద్రాబాద్‌లో ఉంది. ఈ రెండింటినీ ఒకే కాగితంలో కలిపి రాయకండి, ఏదీ తేలదు.