ముందు బల్ల కొలవండి, కుర్చీ సంగతి తర్వాత

కంప్యూటరు ముందు కూర్చుని నడుం పట్టేసిందని అంటే చాలు, మంచి కుర్చీ కొనుక్కోమంటారు అందరూ. నేను మాత్రం ముందు బల్ల కొలవమంటాను. కుర్చీ పైకీ కిందకీ కదులుతుంది, బల్ల కదలదు. కదలనిదాన్ని బట్టే మిగతావన్నీ సర్దుకోవాలి.

నేనుండేది చెన్నైలో, వడపళని దగ్గర. తెలుగు పుస్తకాలకు డీటీపీ, అంటే కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కూర్చే పని చేస్తాను, అదీ ఇంట్లోనే. ఎత్తు ఐదడుగులు. ఎత్తు ఎందుకు చెబుతున్నానంటే, కొట్లో దొరికే బల్లలు దాదాపు అన్నీ 29, 30 అంగుళాలుంటాయి. పొడుగు మనుషులకు తప్ప మిగిలిన వాళ్ళకు అది ఎక్కువే.

పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి. భుజాలు వదులుగా వదిలేసి మోచేతులు మడవండి. నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో ఎవరిచేతైనా టైలరు టేపుతో కొలిపించండి. నాకు 24 అంగుళాలు వచ్చింది. కీబోర్డు ఉండాల్సింది ఆ ఎత్తులోనే, లేదా కొంచెం కింద. బల్ల అంతకంటే ఎంత ఎత్తుంటే అంత మేరకు భుజాలు పైకెత్తి టైపు చేస్తున్నారన్నమాట. సాయంత్రానికి మెడ బిగుసుకుపోయేది అందుకే.

నాది 30 అంగుళాల చెక్కబల్ల కాబట్టి వడ్రంగిని పిలిపించి కాళ్ళు మూడంగుళాలు కోయించాను. నిక్షేపంలాంటి బల్లను పాడుచేస్తున్నానని అమ్మ గోల పెట్టింది. మీరూ కోయించేట్టయితే, బల్ల ఎక్కడ వేస్తారో అక్కడే ఉంచి గీత గీయించండి. పాత ఇళ్ళలో నేల సమంగా ఉండదు. మూడంగుళాల చెక్కముక్క నేలమీద పెట్టి, దాని మీద పెన్సిలు ఆనించి నాలుగు కాళ్ళ చుట్టూ గీయిస్తే కోశాక బల్ల ఊగదు. సొరుగున్న బల్లయితే కోయించకముందే చూసుకోండి, తర్వాత తొడలు దానికి కొట్టుకుంటాయి. ఇనుప కాళ్ళ బల్లకు కింద జరిగే కీబోర్డు ట్రే బిగించుకోవచ్చు, కాకపోతే మౌసు కూడా పట్టేంత వెడల్పుండాలి. కీబోర్డు కిందా మౌసు పైనా ఉంటే కుడి భుజానికి ఒరిగేదేమీ లేదు.

ఇంకా మిగిలిన మూడంగుళాలకు కుర్చీ పైకి లేపాను. అప్పుడు కాళ్ళు వేలాడతాయి, సీటు అంచు తొడల కింద నొక్కుతుంది. దానికి మందు మన ఇళ్ళలోనే ఉంది: భోజనాల పీట. ఒకటి చాలకపోతే రెండు. పాదం పూర్తిగా ఆనాలి, అంతే.

కుర్చీ కొనేటప్పుడు వెనక్కి పూర్తిగా ఆనుకుని కూర్చోండి. మోకాలి వెనక్కీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి. దూరకపోతే సీటు మీకు లోతెక్కువ, ఎంత ఖరీదైనా వద్దు. వీపు నిటారుగా ఉండక్కర్లేదు, కాస్త వెనక్కి వాలితేనే నడుముకు బరువు తగ్గుతుంది. నడుం వంపు దగ్గర ఆసరా లేకపోతే తువ్వాలు చుట్టి పెట్టండి. చేతులున్న కుర్చీ అయితే అవి బల్లకు తగిలి మిమ్మల్ని దూరంగా నెడుతున్నాయేమో చూడండి. నాకు నెట్టాయి, స్క్రూలు విప్పి తీసేశాను. రెగ్జిన్ సీటు జోలికి వెళ్ళకండి, చెన్నై ఉక్కకు మెష్షే నయం. పాత కుర్చీ కొంటే పావుగంట కూర్చుని చూడండి, మెల్లగా కిందికి దిగిపోతుంటే సీటును పైకి నిలిపే గ్యాస్ సిలిండరు పోయినట్టే.

స్క్రీను పై అంచు కంటి ఎత్తులో, లేదా కాస్త కింద ఉండాలి. దూరం చేయి చాపినంత. రెండు పవర్ల కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు ఇంకొంచెం కిందికి దించుకోవాలి, లేకపోతే కింది అద్దంలోంచి చూడ్డానికి గడ్డం పైకెత్తుతారు. అక్షరం కనపడకపోతే ముందుకు వంగడం కాదు, అక్షరాన్ని పెద్దది చేయండి. ల్యాపుటాపులో స్క్రీనూ కీబోర్డూ అతుక్కునే ఉంటాయి కాబట్టి రెండూ సరైన ఎత్తుకు రావడం కుదరని పని. దాన్ని లావుపాటి పుస్తకాల మీద పెట్టి, విడిగా కీబోర్డూ మౌసూ తెచ్చుకోండి. నేను మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్ళు మడిచేయండి, అవి లేస్తే మణికట్టు పైకి విరుచుకుంటుంది.

తెలుగు టైపు చేసేవాళ్ళకు ఇంకో మాట. ఇన్‌స్క్రిప్టు అనే కీబోర్డు అమరికలో ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలన్నింటికీ షిఫ్టు కావాలి. ఒక చేత్తోనే షిఫ్టూ అక్షరమూ నొక్కితే చిటికెనవేలి మీద భారం పడుతుంది. కుడిచేతి అక్షరానికి ఎడమ షిఫ్టు, ఎడమచేతి అక్షరానికి కుడి షిఫ్టు అలవాటు చేసుకోండి. ఇక రాతప్రతిని బల్ల మీద పక్కన పరిచి చూస్తే మెడ రోజంతా ఒకవైపే తిరుగుతుంది. నేను మా అమ్మమ్మ రామాయణ పారాయణం చేసుకున్న వ్యాసపీఠాన్ని కీబోర్డుకీ స్క్రీనుకీ మధ్య పెట్టి, కాగితాలు దానిమీద ఆనిస్తాను. ఇంతకంటే మంచి స్టాండు నాకు ఏ కొట్లోనూ కనపడలేదు.

కిటికీ పక్కకు ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్ళలో వెలుగు, వెనక ఉంటే స్క్రీను మీద వెలుగు. స్క్రీను చూసేటప్పుడు రెప్పలు తక్కువగా వేస్తాం, దానికి తోడు ఫ్యాను గాలి మొహానికి కొడితే కళ్ళు ఎండిపోతాయి. ఈ ఊళ్ళో ఫ్యాను లేకుండా పని సాగదు కాబట్టి టేబులు ఫ్యాను వీపువైపు తిప్పుకోండి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూడాలంటారు. మన గదుల్లో అంత దూరం ఎక్కడిది? కిటికీలోంచి ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకు చూస్తాను నేను. మంచినీళ్ళు సీసాతో కాకుండా చిన్న గ్లాసుతో తెచ్చుకుంటే లేవక తప్పదు.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతుంటే, ముఖ్యంగా రాత్రిళ్ళు మెలకువ వచ్చేంతగా ఉంటే, మణికట్టులో నరం నొక్కుకుపోతుండవచ్చు. అప్పుడిక బల్లా కుర్చీ వదిలేసి డాక్టరుకు చూపించుకోండి.