యాక్సెసరీల దుకాణానికి వెళ్లే ముందు కారులో చూసుకోవలసినవి

కొత్త కారుకు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించిన మర్నాడే చాలామంది యాక్సెసరీల దుకాణానికి బయలుదేరతారు. అక్కడ పెట్టే ఖర్చులో కొంత అనవసరం, కొంత ప్రమాదకరం కూడా. అందువల్ల ఆ పనికి ముందు ఒక ఆదివారం ఉదయం కారును నీడలో నిలిపి, ఓనర్స్ మాన్యువల్ పక్కన పెట్టుకుని, కంపెనీవారు ఇప్పటికే అమర్చి ఇచ్చిన వాటిని ఒక్కొక్కటిగా తిప్పి, నొక్కి చూసుకోవడం మంచిది.

ముందు డ్రైవరు తలుపు తెరవండి. తలుపు మూసుకునే స్తంభం మీద గానీ, పెట్రోలు మూత లోపలి వైపు గానీ ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. ముందు, వెనుక టైర్లలో ఎంత గాలి ఉండాలో, ఇద్దరు ప్రయాణించేటప్పుడు ఎంత, నిండుగా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంత అన్నది అందులో వేర్వేరుగా రాసి ఉంటుంది. గాలి కొట్టే కుర్రాడు అలవాటుగా అన్నింటికీ ఒకే అంకె కొడతాడు కనుక ఆ స్టిక్కరును ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. కొంత దూరం నడిపాక టైరు వేడెక్కి రీడింగు రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి తీయించకూడదు.

స్టీరింగు దగ్గర, చాలా కార్లలో కుడి మోకాలికి పైన, 0 నుంచి 3 వరకో 4 వరకో అంకెలున్న ఒక చిన్న చక్రం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కారు నడిపేవారు కూడా దీన్ని ముట్టుకోరు. ఇది హెడ్‌లైటు కాంతి ఎంత ఎత్తున పడాలో నిర్ణయిస్తుంది. వెనుక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను పెడితే కారు వెనుక భాగం దిగి, ముక్కు పైకి లేస్తుంది. డిమ్‌లో పెట్టిన లైటు కూడా ఎదుటివారి కళ్లలోకి కొడుతుంది. అప్పుడు అంకె పెంచితే కాంతి కిందికి దిగుతుంది. రాత్రి గోడకు ఎదురుగా కారు నిలిపి, లైటు వేసి, ఆ చక్రాన్ని తిప్పితే గోడ మీద వెలుగు గీత దిగడం, ఎక్కడం స్పష్టంగా కనిపిస్తుంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ దారిలో కుటుంబంతో బయలుదేరేవారందరూ ఈ ఒక్క పని చేసినా రాత్రి ప్రయాణం ఎంతో సుఖంగా ఉంటుంది. కొన్ని ఖరీదైన కార్లలో ఈ సర్దుబాటు దానంతటదే జరుగుతుంది కనుక ఆ చక్రం ఉండదు.

వెనుక సీటు విషయానికి ఎక్కువ సమయం కేటాయించాలి. వెనుక తలుపు తెరిచి దాని అంచు చూస్తే, తాళం దగ్గర చిన్న మీట గానీ, తాళంచెవితో తిప్పే గాడి గానీ ఉంటుంది. అదే చైల్డ్ లాక్. దాన్ని వేశాక లోపలి హ్యాండిల్ ఎంత లాగినా తలుపు తెరుచుకోదు, బయటి నుంచి మాత్రమే తెరుచుకుంటుంది. పెద్దవాళ్లు వెనుక కూర్చున్నప్పుడు ఇది వేసి ఉందని వారికి చెప్పడం మరచిపోకండి.

చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని తల్లి ముందు సీట్లో కూర్చోవడం మన ఇళ్లలో సర్వసాధారణం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనికో గుద్దుకుని, ముందుభాగం అర మీటరు నొక్కుకుపోయి ఆగిందనుకుంటే, 10 కిలోల బిడ్డ సుమారు 200 కిలోల బరువుతో సమానమైన బలంతో ముందుకు విసురుకుపోతుంది. ఎంత ప్రేమగా పట్టుకున్న చేతులైనా ఆ బలాన్ని ఆపలేవు. కాబట్టి కొనదగిన యాక్సెసరీ ఒక్కటే చెప్పమంటే నేను చైల్డ్ సీటు అంటాను. వెనుక సీటు కూర్చునే భాగానికీ, వీపు ఆనే భాగానికీ మధ్య సందులో వేళ్లు పెట్టి చూడండి. కిటికీల వైపు సీట్లలో రెండేసి ఇనుప కొక్కేలు తగిలితే మీ కారులో ఐసోఫిక్స్, అంటే చైల్డ్ సీటును కారుకు నేరుగా బిగించే ఏర్పాటు, ఉన్నట్టే. చైల్డ్ సీటు కింది రెండు కడ్డీలను వాటిలోకి నెట్టినప్పుడు టక్కుమని శబ్దం రావాలి, చాలా సీట్లలో ఎర్ర గుర్తు పచ్చగా మారాలి. ఆ తరువాత సీటు వీపు వెనుక కొక్కేనికి పై పట్టీ తగిలించడమో, చైల్డ్ సీటు కింది ఊతకాలును కారు నేలకు ఆనించడమో చేసి, సీటును అడుగున పట్టుకుని గట్టిగా కుదపండి. ఒక అంగుళానికి మించి కదలకూడదు. కనీసం 15 నెలల వయసు వరకు బిడ్డ ముఖం కారు వెనుక వైపు ఉండేలా కూర్చోబెట్టాలి. అలాంటి సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా బిడ్డ తల వెనుక ఉన్న సీటునే గుద్దుతుంది.

కొంచెం పెద్ద పిల్లలకు బెల్టు సరిగా కుదరాలి: పై పట్టీ మెడకు ఒరుసుకోకుండా భుజం మీదుగా, కింది పట్టీ పొట్ట మీద కాక తుంటి మీదుగా వెళ్లాలి. అలా కుదిరేంత ఎత్తు వచ్చేవరకు పిల్లలను కాస్త ఎత్తున కూర్చోబెట్టే బూస్టరు సీటు వాడాలి. వెనుక కూర్చునే పెద్దలకూ బెల్టు తప్పనిసరి. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194బీ సెక్షను కింద బెల్టు పెట్టుకోకపోయినా, 14 ఏళ్ల లోపు పిల్లలకు రక్షణ లేకపోయినా 1,000 రూపాయల జరిమానా ఉంది. సీటు కవర్లు వేయించేటప్పుడు వెనుక బెల్టు బకిల్సును లోపలికి తోసి కుట్టేసే దుకాణాలు ఉన్నాయి. కారు తీసుకునే ముందు అన్ని బకిల్సూ పైన ఉన్నాయో లేదో చూసుకోండి.

సీటు కవర్లలో అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. ముందు సీటు వీపు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటే, పక్క ఎయిర్‌బ్యాగ్ ఆ సీటులోంచే చీల్చుకుని వస్తుందని అర్థం. మామూలు కవరు దాన్ని బిగబట్టి ఉంచుతుంది. అక్కడ తెరుచుకునేలా కుట్టిన కవరే తీసుకోవాలి, దొరక్కపోతే కవరు లేకుండా ఉండడమే మేలు. ఇదే న్యాయం డ్యాష్‌బోర్డు మీద పెట్టే దేవుడి విగ్రహానికీ వర్తిస్తుంది: గ్లవ్ బాక్సు పైన ఎయిర్‌బ్యాగ్ ఉండే చోట కాకుండా, మధ్యలో, చిన్నదిగా, గట్టిగా అతికి ఉండేలా పెట్టుకుంటే భక్తికీ లోటు ఉండదు, ఎదుటి సీట్లో కూర్చున్నవారికీ ముప్పు ఉండదు.

ముందు బంపరుకు బిగించే ఇనుప గార్డుల జోలికి అసలు వెళ్లకండి. గుద్దుకున్నప్పుడు నలగవలసిన భాగం నలగకుండా అవి అడ్డుపడతాయి, ఎయిర్‌బ్యాగ్ సెన్సారు పనితీరును కూడా దెబ్బతీయవచ్చు. వీటిని తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. నల్ల ఫిల్ముల సంగతి కూడా ఇంచుమించు అంతే. అద్దాలకు వాటిని అంటించకూడదన్న 2012 సుప్రీంకోర్టు తీర్పు తరువాత నిబంధనల్లో సడలింపు వచ్చిందన్న వాదన ఉన్నా, రోడ్డు మీద పోలీసులు వాటిని పీకించి చలానా రాయడం మానలేదు. ఎండకు వెనుక కిటికీలకు ఊడదీయగలిగే జాలీ షేడ్లు చాలు. ముందు తలుపుల అద్దాలకు అవి కూడా వద్దు, సైడు మిర్రర్లు కనిపించవు.

ఫ్లోర్ మ్యాట్ డ్రైవరు వైపు కొక్కేనికి తగిలి ఉండాలి; ఒకదాని మీద మరొకటి పరిస్తే పైది జారి బ్రేకు పెడలు కిందికి చేరుతుంది.

ఇక డిక్కీ. స్టెప్నీ ఉందో లేదో ముందు చూడండి, ఎందుకంటే 2020లో సవరించిన నిబంధన ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉన్న కారుకు స్టెప్నీ ఇవ్వనక్కరలేదు. ఉన్న స్టెప్నీ మిగతా టైర్ల కన్నా సన్నగా ఉండి, దాని మీద 80 అని రాసి ఉంటే, అది గంటకు 80 కిలోమీటర్లకు మించకుండా పంక్చరు షాపు దాకా చేర్చడానికే. దానిలోనూ నెలకోసారి గాలి చూడాలి. ఇంటి దగ్గర తీరిగ్గా ఉన్నప్పుడే ఒకసారి టైరు మార్చి చూడండి: హ్యాండ్‌బ్రేకు వేసి, మొదటి గేరులో గానీ పార్క్‌లో గానీ పెట్టి, టైరు నేల మీద ఉండగానే నట్లను సగం చుట్టు వదులు చేసి, ఆ తరువాత మాన్యువల్‌లో చూపిన చోటే జాకీ పెట్టాలి. బిగించేటప్పుడు పక్కపక్క నట్లు కాకుండా ఎదురెదురు నట్లు బిగించాలి. అలాయ్ చక్రాలకు దొంగల భయంతో లాక్ నట్లు వేయించుకుంటే, వాటిని విప్పే చిన్న అడాప్టరు ఎక్కడుందో ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ తెలియాలి. సర్వీసుకు ఇచ్చినప్పుడు అది మెకానిక్ దగ్గరే ఉండిపోవడం మామూలు. హైవే మీద టైరు పోతే అందరినీ దించి రోడ్డు అంచుకు దూరంగా నిలబెట్టి, ఎర్ర త్రికోణాన్ని కారుకు 50 మీటర్ల వెనుక పెట్టాకే జాకీ బయటికి తీయాలి.

టైరుకు గాలి కొట్టే చిన్న కంప్రెసరు కొనడం మంచి ఖర్చే. అయితే చాలా కార్లలో 12 వోల్టుల సాకెట్టు 120 వాట్ల వరకే, అంటే 10 ఆంపియర్ల వరకే తట్టుకుంటుంది. కంప్రెసరు మీద రాసిన అంకె అంతకు మించితే ఫ్యూజు పోతుంది. ఇంజను నడుస్తుండగానే వాడాలి. హారను, అదనపు లైట్లు, డ్యాష్‌క్యామ్ లాంటివి కంపెనీ వైర్లు కోసి అతికే దుకాణంలో వద్దు, వారంటీ పోవడమే కాక నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. డ్యాష్‌క్యామ్‌ను ఫాస్టాగ్‌కు అడ్డం రాకుండా పెట్టండి. ఫాస్టాగ్‌ను అద్దానికి అంటించకుండా చేతిలో పట్టుకుని చూపించేవారి ట్యాగును బ్లాక్‌లిస్టులో పెడతామని 2025 జులైలో జాతీయ రహదారుల సంస్థ ప్రకటించింది.

వానలో అద్దాలు లోపలి నుంచి మసకబారితే గుడ్డతో తుడుస్తూ నడపకండి. ఏసీ వేసి, లోపలి గాలినే తిప్పే బటను తీసేసి, గాలిని ముందు అద్దం వైపు మళ్లిస్తే కొద్దిసేపట్లో తేటపడుతుంది. ఎండాకాలంలో దీనికి తిరగేసి చేయాలి: కిటికీలు దించి వేడిగాలి పోనిచ్చి, ఆ తరువాతే ఆ బటను నొక్కాలి.

చివరగా, స్టార్ట్ బటను ఉన్న కార్లవారు తాళంచెవి బ్యాటరీ అయిపోతే ఏం చేయాలో కూడా చూసి ఉంచుకోవాలి. చాలా రిమోట్లలో పక్కనున్న మీట లాగితే మామూలు ఇనుప తాళంచెవి బయటికి వస్తుంది, దానితో డ్రైవరు తలుపు తెరవవచ్చు. లోపలికి వెళ్లాక రిమోటును స్టార్ట్ బటనుకు ఆనించి గానీ, మాన్యువల్‌లో చెప్పిన మరో చోట పెట్టి గానీ బ్రేకు తొక్కి నొక్కితే ఇంజను మొదలవుతుంది. ఎక్కువ రిమోట్లకు సీఆర్ 2032 బ్యాటరీ సరిపోతుంది. మీ దానికి ఏది కావాలో చూసి, ఒకటి కొని గ్లవ్ బాక్సులో కాక ఇంట్లోనో, పర్సులోనో పెట్టుకోండి.