స్మూతీ గరిటజారుగా రావాలంటే: ఇంటి మిక్సీతో ప్రొటీన్ స్మూతీ

ప్రొటీన్ స్మూతీ మజ్జిగలా కారిపోకూడదు, ఇడ్లీపిండిలా చెంచాకు అతుక్కుపోకూడదు. దోసెలపిండి గరిట నుంచి ఎలా జారుతుందో అలా జారాలి. చెంచా ముంచి తీసి దాని వెనకవైపు వేలితో గీత గీయండి. గీత అయిదారు సెకన్లు చెరగకుండా ఉంటే చిక్కదనం కుదిరినట్టే.

ఎక్కువమందికి తేడా వచ్చేది వేసే వరసలో. పాలన్నీ ముందు పోసి, మిగతావన్నీ పైన వేసి తిప్పమని వీడియోల్లో చెబుతారు. పొడవాటి జగ్గు, పెద్ద మోటారు ఉన్న బ్లెండర్‌కు ఆ పద్ధతి సరిపోతుంది. మన వంటింట్లో ఉండేది 500 నుంచి 750 వాట్ల మిక్సీ. పాలు నిండుగా ఉంటే వేరుశనగ గుళ్లు పైకి తేలి బ్లేడుకు అందకుండా గిరగిరా తిరుగుతాయి. ఎంతసేపు తిప్పినా పలుకులు మిగులుతాయి, నురగ మాత్రం పెరుగుతుంది. కొబ్బరి పచ్చడి ఎలా రుబ్బుతామో ఇదీ అంతే: ముందు కొంచెం తడితో ముద్ద, ఆ తర్వాత పలచన.

ఒక పెద్ద గ్లాసుకు కొలత ఇది. కాచి చల్లార్చిన పాలు 200 మిల్లీలీటర్లు, వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్లు 25 గ్రాములు, పుట్నాలపప్పు పొడి 20 గ్రాములు, గడ్డకట్టించిన అరటిపండు ముక్కలు 100 గ్రాములు, చిటికెడు ఉప్పు. పాల నుంచి ఆరున్నర, గుళ్ల నుంచి ఆరు, పుట్నాల నుంచి నాలుగు, పండు నుంచి ఒకటి కలిపి సుమారు 18 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. వడకట్టిన గట్టి పెరుగు 50 గ్రాములు కలిపితే ఇంకో నాలుగు గ్రాముల దాకా పెరుగుతుంది. కొండవెలగాడలో బరువులెత్తే పిల్లలకైనా, ఉదయం శ్రీకాకుళం బస్సెక్కి కాలేజీకి పోయేవాళ్లకైనా, డబ్బా పౌడరు కొనకుండా ఇంట్లో ఉన్నవాటితో ఇంత వస్తుంది.

పాలు కాచాక మీగడ తీసేసి, కనీసం మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. గేదె పాలైతే మీగడ తీయడం మరీ ముఖ్యం. చల్లటి మీగడను మిక్సీలో తిప్పితే చిన్న చిన్న వెన్న పూసలు కట్టి పైకి తేలతాయి, నాలుకకు జిడ్డుగా తగులుతాయి. పాలు విరిగాయనుకుని పారబోస్తుంటారు గానీ అది వెన్నే.

అరటిపండు విషయంలో తొందర పనికిరాదు. తొక్క మీద గోధుమరంగు చుక్కలు వచ్చేదాకా ఆగాలి. పచ్చిదనం ఉన్న పండులో పిండిపదార్థం ఇంకా చక్కెరగా మారి ఉండదు, స్మూతీ వగరుగా, జిగటగా వస్తుంది. చక్రకేళి అయినా కర్పూరం అయినా తొక్క తీసి, సుమారు రెండు సెంటీమీటర్ల మందం చక్రాలుగా కోసి, స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి డీప్ ఫ్రీజర్‌లో నాలుగైదు గంటలు ఉంచండి. గట్టిపడ్డాక డబ్బాలోకి తీసుకోవచ్చు. పండును నిండుగా గడ్డకట్టిస్తే ఆ మొద్దును మన మిక్సీ కొయ్యలేదు. ముక్కలు బయటకు తీశాక కూడా అయిదు నిమిషాలు ఆగి వేస్తే బ్లేడు మీద భారం తగ్గుతుంది. చల్లదనానికీ చిక్కదనానికీ రెండింటికీ ఈ ముక్కలే ఆధారం. ఐసు వేస్తే చల్లబడుతుంది గానీ కరిగిన నీరంతా గ్లాసులోనే ఉంటుంది. ఐసు తప్పదనుకుంటే పాలనే ట్రేలో పోసి గడ్డకట్టించి వాడండి.

ఇక తిప్పడం. చిన్న జారులో 50 మిల్లీలీటర్ల పాలు పోసి గుళ్లు వేసి, అరనిమిషం చొప్పున రెండుసార్లు తిప్పండి. మధ్యలో మూత తీసి గోడలకు అంటినది గరిటెతో కిందకు తోయాలి. వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలకూడదు. ఆ ముద్దను పెద్ద జారులోకి మార్చి, పుట్నాల పొడి, ఇంకో 50 మిల్లీలీటర్ల పాలు వేసి పది సెకన్లు తిప్పితే పొడి ఉండకట్టదు. పొడిని పొడి జారులో అడుగునే వేసి పైన పాలు పోస్తే అది బ్లేడు కింద పేస్టులా అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. చివర్లో పండు ముక్కలు, మిగతా పాలు వేసి, మొదట మూడు నాలుగుసార్లు ఆపి ఆపి తిప్పి, తర్వాత పాతిక సెకన్లు ఏకధాటిగా తిప్పండి. జారు సగానికి మించి నింపొద్దు. నిమిషం దాటితే మోటారు వేడికి చల్లదనం పోతుంది, దాంతో చిక్కదనమూ పోతుంది.

అయ్యాక మూడు నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు చెంచా పరీక్ష చేయండి. పుట్నాల పొడి నీరు పీల్చుకోవడానికి ఆ సమయం కావాలి. తిప్పిన వెంటనే పలచగా ఉందని ఇంకో చెంచా పొడి వేస్తే, కాసేపటికి గ్లాసులో ముద్ద మిగులుతుంది. నిజంగానే పలచగా ఉంటే గడ్డకట్టిన పండు ముక్కలు మూడు నాలుగు వేసి తిప్పండి. గట్టిగా ఉంటే చల్లటి పాలు రెండేసి టేబుల్ స్పూన్లు మాత్రమే పోస్తూ చూడండి. పెరుగు వడకట్టినప్పుడు దిగిన తేట ఉంటే అది ఇంకా మంచిది. అరకిలో పెరుగును పల్చటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు వేలాడదీస్తే సుమారు సగం తేటగా దిగిపోతుంది. దాన్ని పారబోయకండి.

వే ప్రొటీన్ (పాల తేట నుంచి తీసే పొడి) వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వే చిక్కదనం ఇవ్వదు, నురగ ఇస్తుంది. 180 మిల్లీలీటర్ల పాలు, 100 గ్రాముల అరటి ముక్కలు, పది గ్రాముల ఓట్స్ ముందు తిప్పేసి, ఒక స్కూపు పొడిని ఆఖర్లో వేసి అయిదారు సెకన్లు తక్కువ స్పీడులో తిప్పి ఆపేయండి. నురగ వచ్చేస్తే అయిదు నిమిషాలు వదిలేయండి. వేరుశనగ ముద్ద ఒక చెంచా కలిపినా దిగుతుంది, కొవ్వు నురగను నిలవనివ్వదు. వేడి పాలలో వే వేయొద్దు, వెంటనే ఉండలు కడుతుంది. బఠాణీ ప్రొటీన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. బాగా నీరు పీలుస్తుంది, పాలు 50 మిల్లీలీటర్లు ఎక్కువ పట్టాలి. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏ పొడి అయినా తడి చెంచాతో తీయకండి, ఒకసారి గడ్డకట్టిన పొడి మిక్సీలో కూడా సరిగ్గా విడదు.

వేరుశనగ రుచి నచ్చనివాళ్లకు జీడిపప్పు ఉంది. పలాస జీడిపప్పే అయినా గుండు కొననక్కర్లేదు, ముక్క చవక, ఎలాగూ ముద్దే చేస్తాం. రెండు గంటలు నానబెడితే వెన్నలా మెదుగుతుంది. ప్రొటీన్ మాత్రం వేరుశనగ కంటే తక్కువ: 100 గ్రాములకు అది 25 ఇస్తే ఇది 18. చోడిపిండి (రాగిపిండి) కూడా చిక్కదనానికి చక్కగా పనికొస్తుంది, కానీ పచ్చిగా వేయకూడదు, గొంతులో ఇసకలా తగులుతుంది. పది గ్రాముల పిండిని 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి అయిదారు నిమిషాలు ఉడికించి చల్లార్చి, పాలలో సగం తగ్గించి దీన్ని పోయండి. రాత్రి అంబలి మిగిలితే అదీ పనికొస్తుంది, పులిసి ఉంటుంది కాబట్టి పాలకు బదులు పెరుగుతో కలపాలి.

మామిడి రోజుల్లో సువర్ణరేఖ గుజ్జు 120 గ్రాములు వేసుకుంటే అరటిపండు సగం చాలు. పీచు ఉన్న రసాలైతే వడకట్టండి. పుల్లటి పండును పాలతో కలిపితే విరుగుతుంది, పెరుగుతో కలపండి. బొప్పాయి, అనాసలతో మరో చిక్కుంది. వాటిలోని ఎంజైములు పాల ప్రొటీన్‌ను విడగొట్టి, కాసేపటికి చేదు తెస్తాయి. చేసిన వెంటనే తాగేస్తే పరవాలేదు, డబ్బాలో తీసుకెళ్లడానికి పనికిరాదు. జీడిమామిడి పండు అసలే వద్దు, దాని వగరు పాల ప్రొటీన్‌తో కలిసి పలుకులు కడుతుంది. పచ్చిగుడ్డు కూడా వద్దు, సాల్మొనెల్లా భయం ఉంది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉండేవాళ్లు ఇది తప్పక చదవాలి. ఉద్దానం అనే ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టుకుందో అందరికీ తెలుసు. ఆ జబ్బు తెలియకుండానే ముదురుతుంది. రోజూ స్మూతీ తాగడం మొదలుపెట్టే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. జబ్బు ఉందని తేలితే ప్రొటీన్ ఎంత తినాలన్నది డాక్టరే చెప్పాలి. అరటిపండులో పొటాషియం, పాలలో ఫాస్ఫరస్ ఉంటాయి, ఆ సంగతి కూడా అడగండి.

ఫ్రిజ్‌లో నిలవ పెడితే రెండు మూడు గంటల్లో స్మూతీ బిగుస్తుంది. పొద్దున చేసి మధ్యాహ్నం తాగేట్టయితే మొదటే 40 మిల్లీలీటర్ల పాలు ఎక్కువ పోయండి, తాగే ముందు సీసా బాగా కుదపండి. జారును మాత్రం అప్పటికప్పుడే కడగాలి. పుట్నాల పొడి ఎండితే బ్లేడు కింద రాయిలా పట్టేసి, మర్నాటి స్మూతీలో పలుకులై తేలుతుంది. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లు పోసి రెండుసార్లు తిప్పి, ఆరాకే మూత పెట్టండి.