పాత బొమ్మ రైలింజను తిరగకపోతే, వైండింగ్ జోలికి చివర్లో వెళ్లండి

భీమవరంలో నాది కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టే (వైండింగ్) షాపు. పని ఎక్కువగా రొయ్యల చెరువుల నీటికి గాలి అందించే ఏరియేటర్లదే. ఈమధ్య అటకల మీంచి దించిన పాత రైలింజన్లూ వస్తున్నాయి, ఎప్పుడో ఇంగ్లండు నుంచి చుట్టాలు తెచ్చినవి. తెచ్చినవాళ్లది ఒకటే మాట: "మోటారు కాలిపోయిందండీ, చుట్టాలి." విప్పి చూస్తే నిజంగా కాలినవి అరుదు. ఉప్పుగాలి, తేమ, గడ్డకట్టిన నూనె, జబ్బంతా వీటిదే.

నేను చెప్పేది బ్రిటిష్ బొమ్మ రైళ్ల కంపెనీ ట్రయాంగ్ వాడిన ఎక్స్04 రకం మోటారు గురించి: 12 వోల్టుల డీసీ, మూడు పోళ్ల ఆర్మేచర్ (తీగ చుట్టిన, తిరిగే భాగం). జర్మనీ కంపెనీ మార్క్లిన్ పాత ఏసీ ఇంజన్లలో శాశ్వత అయస్కాంతం బదులు ఫీల్డ్ కాయిల్ (కరెంటుతో అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) ఉంటుంది, వాటి దారి వేరు.

ముందు ఇంజనును గుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టి, 12 వోల్టులు తిన్నగా కార్బన్ల (ఆర్మేచర్‌కు కరెంటు అందించే చిన్న ముక్కలు) దగ్గరే ఇవ్వండి. తిరిగిందా? అయితే మోటారు బాగున్నట్టే. చక్రాలకూ, కరెంటు తీసుకునే రేకులకూ పట్టిన చిలుము తుడిస్తే సరిపోతుంది.

తిరగలేదంటే కరెంటు తీసేసి ఆర్మేచర్‌ను వేలితో తిప్పి చూడండి. బిగుసుకుంటే నూనె గట్టిపడిందన్నమాట. కోనసీమ వైపు నుంచి వచ్చినవాటిలో కొబ్బరినూనె వాసన కొడుతుంది. సంక్రాంతి చలికి సీసాలోనే గడ్డకట్టే నూనె బేరింగులో గడ్డకట్టదా? దయచేసి వేయకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాతది కడిగి, ఆరాక, సూదిమొనతో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె పెట్టండి. కమ్యుటేటర్ (కార్బన్లు ఆనుకుని ఉండే రాగి రేకుల భాగం) మీద మాత్రం నూనె పడకూడదు.

తర్వాత కార్బన్లు. వాటిని నొక్కి పట్టే స్ప్రింగుకు రెండు చేతులు ఉంటాయి. ఒక చేతికి సన్నటి ఇన్సులేషన్ గొట్టం తొడిగి ఉంటుంది. ఏ వైపుదో చూసుకున్నాకే తీయండి. ఆ గొట్టం ఊడిపోతే రెండు కార్బన్లూ స్ప్రింగు గుండానే షార్టవుతాయి, మోటారు కదలదు. కాలిపోయిందని తెచ్చినవాటిలో ఇలాంటివీ ఉంటాయి. సన్న వైరు మీది తొడుగు ముక్క కోసి ఎక్కిస్తే పని జరిగిపోతుంది.

కమ్యుటేటర్‌ను ఆల్కహాల్ గుడ్డతో రాగి మెరిసేదాకా తుడవండి. మూడు రేకుల మధ్య సందుల్లో కార్బన్ పొడి, నూనె కలిసి నల్లటి ముద్దలా కూరుకుని ఉంటుంది. అందులోంచి కరెంటు పక్క రేకుకు పారుతుంది. దాన్ని తీయడానికి నేను కొబ్బరి ఈనెను చెక్కి వాడతాను. సందులోకి సరిగ్గా దిగుతుంది, రాగిని గీకదు. ఎమరీ పేపరు వద్దు, గీతలు పడితే కార్బన్లు తొందరగా అరిగిపోతాయి.

ఇంతా చేసి తిరగకపోతే అప్పుడు ఓములు కొలిచే మీటరు తీయండి. కార్బన్లు తీసేసి, కమ్యుటేటర్ రేకులను రెండేసి చొప్పున మూడు జతలూ కొలవండి. మూడూ సమానంగా రావాలి. కాయిల్స్ మన త్రీఫేజ్ మోటార్లలా డెల్టాలో (త్రికోణంగా, ఒకదాని కొస మరోదానికి) కలిపి ఉంటాయి కాబట్టి, ఒకటి తెగినా మీటరు పూర్తిగా ఓపెన్ (దారి తెగినట్టు) చూపించదు. మామూలుగా 10 ఓములు వచ్చేది అనుకుంటే, తెగిన కాయిల్ మీద 30, మిగతా రెంటి మీద 15 చొప్పున వస్తుంది. అలా కనిపిస్తే ముందు కమ్యుటేటర్ చెవి (రేకుకు తీగ అతికే కొస) దగ్గరి అతుకు చూడండి, తీగ అక్కడ తెగి ఉంటే సోల్డరింగుతో పోతుంది. ఐరన్ క్షణం ఆనించి తీసేయాలి. రేకుకూ షాఫ్టుకూ మధ్య రీడింగు వస్తే మాత్రం చుట్టక తప్పదు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా: శుభ్రం చేయడానికని అయస్కాంతం ఊడదీయకండి. ఈ పాత అయస్కాంతాలు చట్రం నుంచి బయటికి తీస్తే బలం కోల్పోతాయి. తీయక తప్పకపోతే రెండు ధ్రువాలకూ అడ్డంగా ఇనపముక్క అంటించి ఉంచండి. బలం తగ్గిన మోటారు ఖాళీగా జోరుగా తిరుగుతుంది, వేడెక్కుతుంది, నాలుగు పెట్టెలు తగిలిస్తే ఆగిపోతుంది. అప్పుడు అదే కొలతకు దొరికే నియోడిమియం అయస్కాంతం వేసుకోవడం మేలు.

కొత్త కార్బన్లు వేస్తే పెట్టెలు తగిలించకుండా అటూ ఇటూ నెమ్మదిగా నడపండి. వాటి మొన కమ్యుటేటర్ గుండ్రానికి అరిగి కూర్చున్నాక నిప్పురవ్వలు తగ్గుతాయి, అప్పుడు తగిలించండి.