బొమ్మల సైగల ఆట: మనలోనే ఉన్న ద్రోహిని పట్టుకోవడం ఎలా?

2019లో వచ్చిన ‘అబ్‌స్క్యూరియో’ అనే బోర్డు గేమ్‌లో ఒకరు నోరు మెదపకుండా బొమ్మలతోనే దారి చూపుతారు; మిగిలినవారు కలిసి సరైన తలుపును వెతుకుతుంటే, వారిలోనే ఒకరు గుట్టుగా దారి తప్పిస్తుంటారు. ఆ పద్ధతిని మనకు అనువుగా మార్చుకుంటే, దసరా సెలవులకు హన్మకొండలో ఇంటికి చేరిన ఐదుగురు హాయిగా ఆడుకోవచ్చు.

ఆటకు ప్రాణం బొమ్మలే. పాత పత్రికల నుంచి కత్తిరించినవీ పనికివస్తాయి గానీ, చేర్యాల నకాశీ చిత్రాల ప్రింట్లకు మించినవి లేవు. ఎర్రని నేపథ్యం మీద మనుషులు, పశువులు, చెట్లు కిక్కిరిసి ఉంటాయి కనుక, గింజ పెట్టి చూపడానికి వివరాలు దండిగా దొరుకుతాయి.

దారి చూపేవారిని ముందే ఎంచుకొని, మిగతా నలుగురికీ చీటీలు వేయాలి. గుర్తున్న చీటీ వచ్చినవారే ద్రోహి. దారి చూపేవారు సరైన బొమ్మను రహస్యంగా చూసుకొని, వేరే రెండు బొమ్మల మీద చెరొక చింతగింజ పెడతారు. తరువాత దారి చూపేవారు తప్ప అందరూ కళ్లు మూసుకోగా, వారిలో ద్రోహి ఒక్కరే కళ్లు తెరిచి, పరిచిన ఎనిమిది బొమ్మల్లో రెండింటిని వేలితో చూపుతారు. అవి రెండూ, సరైనదీ, కట్టలోంచి మరో మూడూ కలిపి వరుసగా పేర్చాలి. ద్రోహి ఎవరో దారి చూపేవారికి తెలుసు కాబట్టి, ఆటంతా వారి చూపు బొమ్మల మీదే ఉండాలి.

సరైన బొమ్మ లక్నవరం వేలాడే వంతెన అనుకుందాం. ఒక గింజ తాటిచెట్టెక్కే గౌడన్న మోకు (తాడు) మీద, ఇంకొకటి నీళ్లకుండ మీద ఉంది. ద్రోహి జంపన్నవాగు ఫొటోను చేర్పించి, “నీళ్లున్నయి కదా” అంటారు. అందులో అబద్ధమేమీ లేదు, చిక్కంతా అక్కడే. అందుకే “మరి మోకు సంగతేంది?” అని అడగాలి; రెండు గింజలకూ సరిపోయే కారణం చెప్పనివారిపై కన్నేసి ఉంచాలి. ద్రోహి మొదటి రెండు విడతలు నిజాయితీగా ఆడితేనే ఆ తరువాత వారి మాట చెల్లుతుంది.

ఎవరి ఎంపిక వారిదే; ప్రతి తప్పుకూ ఉమ్మడి గిన్నెలోని పన్నెండు గింజల్లో ఒకటి పోతుంది. ఆరు విడతలు ముగిసేలోపు గిన్నె ఖాళీ అయితే ద్రోహిదే గెలుపు. మిగతా ముగ్గురూ ఏకమై ఒకరిపై నింద వేయవచ్చు. అది తప్పయితే రెండు గింజలు పోతాయి, నిజమైతే ద్రోహి ఆట నుంచి తప్పుకుంటారు.