ఫీనిక్స్ చుట్టుపక్కల ఉంటున్నారా? ఎడారి కొండల కోసం ఇవి చేయండి

అమెరికాలో అరిజోనాలోని ఫీనిక్స్, ఛాండ్లర్ వైపు మనవాళ్లు చాలామందే ఉన్నారు, వీకెండ్ వస్తే మెక్‌డవెల్ కొండలెక్కుతాం. 30,000 ఎకరాలకు పైగా ఉన్న ఆ అడవి ఊరికే మిగల్లేదు. ఇళ్లు కొండల మీదికి పాకుతున్నాయని 1995లో ఆ పక్కనున్న స్కాట్స్‌డేల్ ఊరి జనమే ఓటేసి, అమ్మకపు పన్ను పెంచుకుని మరీ భూమి కొనిపించారు.

ముందు మీ పెరడు చూడండి. ఫౌంటెన్ గ్రాస్ ఉంటే పీకేయండి. అదీ, బఫెల్ గ్రాసూ ఎండితే ఇట్టే అంటుకుంటాయి, సగువారోకేమో (ఈ ఎడారిలో పెరిగే పొడవాటి కాక్టస్) మంటను తట్టుకునే శక్తి లేదు, మొదటి కొమ్మ వేయడానికే దానికి మామూలుగా 50 ఏళ్లు దాటుతుంది. వాన పడి నేల మెత్తబడ్డాక మొదలు పట్టుకుని వేళ్లతో సహా లాగండి, కంకులు రాలకుండా సంచిలో మూటగట్టి చెత్తబండికి ఇవ్వండి. ఆ చోట పాలో వెర్డే అనే ఇక్కడి ఎడారి చెట్టు నాటితే మంచిది, సగువారో పిల్లమొక్కలు బతికేది ఇలాంటి చెట్ల నీడలోనే.

దారిలో తాబేలు కనిపిస్తే దయచేసి ఎత్తకండి. భయపడితే మూత్రం వదిలేస్తుంది, ఎండలకని లోపల దాచుకున్న నీళ్లవే, పోతే ప్రాణానికే ముప్పు. కార్లు తిరిగే రోడ్డు మీద ఉంటే మాత్రం, తిరగేయకుండా నేలకు దగ్గరగా పట్టుకుని, అది వెళ్తున్న వైపే దాటించండి.

ఇంటి వెనక ఎండిన వాగుకు కంచె వేయొద్దు, చెత్త పోయొద్దు. జావెలినాలు (అడవిపందుల్లాంటివి), బాబ్‌క్యాట్లు (అడవిపిల్లులు) రాత్రిళ్లు నడిచే దారి అది. ఎలుకల మందూ వద్దు, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చచ్చిపోవచ్చు. బయటి లైటు కిందికి తిప్పండి, ట్రెయిల్ మీద కుక్కకు తాడు విప్పకండి.