సీపీఎల్ అయ్యాక ఇన్‌స్ట్రక్టర్ చేయాలా? ముందు ఇవి చూసుకోండి

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చింది, లాగ్‌బుక్‌లో ఎగిరిన లెక్క 250 గంటల దగ్గర ఆగింది, ఇప్పుడు ఫ్లయింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ చేస్తే లాభమా అంటే, ఏ దేశంలో ఉద్యోగం కావాలో ముందు తేల్చుకోండి.

అమెరికాలో అయితే చాలామందికి అదే దారి. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ విమానం కూలాక రూల్ మారి, 2013 నుంచి ఎయిర్‌లైన్ కో-పైలట్‌కి కూడా ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ సర్టిఫికెట్) కావాలన్నారు, అంటే మామూలుగా 1500 గంటలు (తమాషా ఏంటంటే ఆ విమానంలో పైలట్లిద్దరికీ 1500 కన్నా ఎక్కువే ఉన్నాయి). మిగతా 1250 సొంత డబ్బుతో ఎగరాలంటే ఆస్తులమ్ముకోవాలి, అదే సీఎఫ్ఐ (అమెరికాలో ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్) అయితే స్టూడెంట్ ఖర్చుతో మీకు పీఐసీ టైమ్, అంటే విమానానికి బాధ్యుడైన పైలట్‌గా గంటలు. నెలకి 70 గంటలు దొరికితే ఏడాదిన్నర.

మనవాళ్ళు బోల్తా పడేది వీసా దగ్గర. ఎం-1 (వృత్తి కోర్సుల స్టూడెంట్ వీసా) మీద ప్రాక్టికల్ ట్రైనింగ్, అంటే చదువయ్యాక పని చేసే అనుమతి, మహా అయితే 6 నెలలు, ఎఫ్-1 (కాలేజీ చదువుల స్టూడెంట్ వీసా) మీద అలాంటిదే అయిన ఓపీటీ 12 నెలలు, కాబట్టి ఫీజు కట్టకముందే అడగండి. ఇంకోటి, స్కూల్లో ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది స్టూడెంట్లు, ఎన్ని విమానాలు రిపేర్లో పడున్నాయో కనుక్కోండి, ఎందుకంటే చాలాచోట్ల జీతం గంట లెక్కనే, వాన పడిన రోజు సున్నా.

ప్రిపరేషన్‌లో పుస్తకం కన్నా ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే కుడి సీటే కష్టం. అక్కణ్ణుంచి రన్‌వే పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది, మొదట్లో నేనైతే ప్రతిసారీ సెంటర్‌లైన్‌కి ఎడమగా దించేవాణ్ణి. ఫ్లేర్‌లో (నేల తాకేముందు ముక్కు పైకెత్తేటప్పుడు) స్టూడెంట్ యోక్ (విమానం స్టీరింగ్) గట్టిగా లాగేసి విమానం బెలూన్ అయినప్పుడు, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచినప్పుడు, మీ చేతులు ఒళ్ళోనే ఉండాలి కానీ అందేంత దగ్గర్లో ఉండాలి, ఎంతవరకు ఆగి ఎప్పుడు కంట్రోల్ తీసుకోవాలన్నదే అసలు పని. కుదిరితే డబుల్-ఐ (ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ నేర్పే రేటింగ్) కూడా చేసేయండి, ఒట్టి సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం) కొట్టడం కాకుండా ఇన్‌స్ట్రుమెంట్ స్టూడెంట్లు కూడా వస్తారు.

ఇండియాలో లెక్క వేరు. ఇక్కడ 200 గంటల సీపీఎల్‌తోనే టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే ట్రైనింగ్) చేసి ఎయిర్‌లైన్‌కి వెళ్ళొచ్చు, అందుకే గంటల కోసమని ఏఎఫ్ఐఆర్ (ఇక్కడి అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్) చేయడం నాకు నచ్చదు. కానీ పిలుపు కోసం ఏళ్ళతరబడి ఇంట్లో కూర్చుని చెయ్యి మొద్దుబారేకన్నా వంద రెట్లు నయం. చేరేముందు బాండ్ ఎన్నేళ్ళో చదవండి, ఎయిర్‌లైన్ పిలిచిన రోజు మధ్యలో వదిలితే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి.